కిటికీ తెరిస్తే మోత, మూస్తే ఉక్కపోత: గాలిని రానిచ్చి శబ్దాన్ని ఆపే ప్రయత్నాల కథ

ఈ ఎపిసోడ్ మొదలయ్యే ముందు ఒక చిన్న పని చేయండి. మీరు కూర్చున్న గదిలో కిటికీ వైపు ఒకసారి చూడండి. తెరిచి ఉందా, మూసి ఉందా?

తెరిచి ఉంటే గాలి వస్తోంది, దాంతో పాటు హారన్లు కూడా వస్తున్నాయి. మూసి ఉంటే కాస్త ప్రశాంతంగా ఉంది, కానీ చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. మూడో దారి ఒకటుంది, కిటికీ మూసి ఏసీ వేసుకోవడం. ఆ దారికి కరెంటు బిల్లు కట్టగలిగే జేబు కావాలి.

నేను ఈ విషయం మీద ఎందుకు పడ్డానో ముందు చెప్తాను. గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యే రోజుల్లో కవాడిగూడలో ఒక రూమ్‌లో ఉండేవాణ్ణి. అశోక్‌నగర్‌లో కోచింగ్, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువు, రాత్రికి కవాడిగూడ రూమ్. మీలో చాలామందికి ఈ రూట్ తెలిసే ఉంటది. మూడో అంతస్తు, ముగ్గురం, ఒకే కిటికీ, అది కూడా రోడ్డు వైపు. ఏప్రిల్ వచ్చిందంటే రోజూ రాత్రి కిటికీ పంచాయితీ. ఒకడు "తెరువురా, ఊపిరాడతలేదు" అంటాడు. ఇంకొకడు "మూయిరా, పాలిటీ బుర్రకెక్కుతలేదు" అంటాడు. పక్క సందులో ఫంక్షన్ హాల్. పెళ్లి ఉన్న రోజు బ్యాండు, లేని రోజు జనరేటర్. ఆ ఏడాది నాకు ప్రిలిమ్స్ పోయింది. కిటికీ వల్లే పోయిందని చెప్పను, కిటికీ సాయం మాత్రం చేయలేదు.

అప్పుడు నాకొక డౌట్ వచ్చింది. గాలి, మోత ఈ రెండూ ఎప్పుడూ జంటగానే రావాలా? ఒకదాన్ని రానిచ్చి ఇంకోదాన్ని గుమ్మం దగ్గరే ఆపలేమా? వెతుకుతూ పోతే ఈ ప్రశ్నకి రెండు వేల ఏళ్ల వెనక నుంచి కథ ఉందని తెలిసింది. ఇవాళ అది "అకౌస్టిక్ మెటామెటీరియల్స్" అనే పేరు దగ్గర ఆగింది. పేరు చూసి భయపడకండి. దాని ముత్తాత మీ బైక్ కింద ఉంది, ఇంకో ముత్తాత మీ ఫ్రిజ్‌లో కూల్‌డ్రింక్ సీసా రూపంలో ఉంది. ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు ఒక బేసిక్ విషయం. శబ్దం గాలిలోనే వస్తుంది కాబట్టి, గాలి వస్తేనే శబ్దం వస్తుందని మనం అనుకుంటాం. నిజానికి రెండూ వేరు. కిటికీలోంచి వచ్చే గాలి అంటే, బయటున్న గాలి కదిలి లోపలికి రావడం. మంచి గాలి వీస్తున్నా సెకనుకి మూడు నాలుగు మీటర్ల వేగం. శబ్దం అలా కాదు. అక్కడి గాలి అక్కడే ముందుకీ వెనక్కీ ఊగుతుంది, ఆ ఊపు మాత్రం పక్కకి పాకుతుంది, సెకనుకి సుమారు 340 మీటర్ల వేగంతో. బోనాల రోజు క్యూలో వెనకవాడు తోస్తే ఆ తోపు ముందుదాకా వస్తుంది చూడండి. మనిషి మాత్రం ఉన్నచోటే ఉంటాడు. శబ్దం ఆ తోపు లాంటిది. గాలి ఆ క్యూ నడవడం లాంటిది. క్యూని నడవనిచ్చి తోపుని ఆపగలమా అన్నదే మొత్తం కథ.

మరి మామూలు పద్ధతి ఏంటి? గోడ. గోడ ఎంత బరువుంటే శబ్దం అంత ఆగుతుంది. లెక్క ప్రకారం బరువు రెట్టింపు చేస్తే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి. కానీ గోడకి ఒక పెద్ద బలహీనత ఉంది, అదే సందు. మీ గోడ ఎంత గొప్పదైనా సరే, అందులో నూటికి ఒక వంతు ఖాళీ ఉంటే మొత్తం మీద సుమారు 20 డెసిబెల్స్ మించి ఆపలేదు. పదో వంతు ఖాళీ ఉంటే 10 డెసిబెల్సే. అందుకే కిటికీ "కొంచెమే" తెరిచి పెడతా అనే రాజీ ఎప్పుడూ పనిచేయదు. మా రూమ్‌లో రోజూ చేసిన రాజీ అదే.

ఇప్పుడు కవాడిగూడ చరిత్రకి వద్దాం. లోయర్ ట్యాంక్‌బండ్ వైపు దివాన్ బహదూర్ రామ్‌గోపాల్ మిల్స్ ఉండేది. అందరూ డీబీఆర్ మిల్లు అంటారు. నిజాం కాలంలో, 1920లో మొదలైన బట్టల మిల్లు. ఆ మిల్లు మూతపడిపోయింది గానీ పేరు మాత్రం అడ్రసుల్లో ఇంకా బతికే ఉంది. అంటే ఇవాళ ఏసీ బస్సులు, ఆటోలు, మన బైకులు చేస్తున్న మోతకి ముందే ఈ ఏరియా యంత్రాల పక్కన బతకడం నేర్చుకుంది.

ఏ దేశంలోనైనా బట్టల మిల్లు లోపల ఒక విచిత్రం ఉంటుంది. నూలు పొడిబారితే తెగుతుంది. అందుకే లోపల తేమ ఎక్కువ ఉంచుతారు, కిటికీలు మూసి ఉంచుతారు. కాబట్టి కార్మికుడికి గాలీ లేదు, నిశ్శబ్దమూ లేదు. రెండూ పోయిన మనిషి అతను.

ఇది నాకు పుస్తకం నుంచి తెలిసిన విషయం కాదు. మా తాత భివండిలో సాంచాలు నడిపిండు. మరమగ్గాల్ని మా వైపు సాంచాలనే అంటారు. కరీంనగర్, వరంగల్ వైపు నుంచి, పాలమూరు నుంచి ఎన్నో నేత కుటుంబాలు భివండి, షోలాపూర్, సూరత్ పోయినయ్. మా తాత ఇరవై ఏళ్లకి పైగా ఆ షెడ్డులోనే ఉన్నడు. సాంచాలో నాడె అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నిమిషానికి వంద సార్లకి పైగా కొట్టుకుంటది. అలాంటివి పదుల సంఖ్యలో ఒకే రేకుల షెడ్డులో ఉంటాయి. పక్కవాడితో మాట్లాడాలంటే పెదవులు చూసి అర్థం చేసుకోవాలి.

తాత ఇంటికి వచ్చేసినంక మా చిన్నప్పుడు మేం ఏం చెప్పినా "ఏందిరా, గట్టిగ చెప్పు" అనేటోడు. గట్టిగ చెప్తే "అరుస్తవేందిరా" అనేటోడు. మేం నవ్వేవాళ్లం. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది అది నవ్వే విషయం కాదని. పెద్ద మోతలో ఏళ్ల తరబడి ఉన్న చెవి ముందుగా 4,000 హెర్ట్జ్ దగ్గరి శబ్దాల్ని పోగొట్టుకుంటుంది. స, ష, చ, త లాంటి అక్షరాల పదునంతా ఆ ఎత్తులోనే ఉంటుంది. కాబట్టి మాట వినపడుతుంది, అర్థం కాదు. గట్టిగా చెప్తే గొంతు పెరుగుతుంది తప్ప అక్షరం తేటపడదు. తాత ఒక మాట అనేటోడు: "సాంచ ఆగినా చెవుల సాంచ ఆగదు బిడ్డా." ఆ చెవుల్లో హోరు ఒకసారి మొదలైతే చాలామందికి పోదు. ఇది కొత్త జబ్బు కూడా కాదు. వెనిస్‌లో రాగి పాత్రలు కొట్టేవాళ్లకి చెముడు వస్తోందని ఇటలీ వైద్యుడు రామజ్జీని 18వ శతాబ్దం మొదట్లోనే రాసి పెట్టాడు.

సరే, మరి శబ్దాన్ని అదుపు చేసే తెలివి మనిషికి లేదా? ఉంది, మన ఊళ్లోనే ఉంది. గోల్కొండకి మీరందరూ పోయే ఉంటారు. ఫతే దర్వాజా గుమ్మటం కింద గైడ్ చప్పట్లు కొడతాడు, దాదాపు కిలోమీటరు దూరంలో కొండ మీదున్న బాలా హిస్సార్ దగ్గర వినపడుతుంది. పక్కనే నాలుగు అడుగులు జరిగి కొడితే అలా వినపడదు. అక్కడ యంత్రం లేదు, తీగ లేదు. ఆ గుమ్మటం ఆకారమే శబ్దాన్ని పోగుచేసి ఒక వైపు పంపిస్తోంది. దర్వాజా మాత్రం తెరిచే ఉంది, గాలీ మనిషీ మామూలుగా వస్తూ పోతూనే ఉన్నారు.

ఈ మాట గుర్తు పెట్టుకోండి. శబ్దాన్ని ఏం చేయాలో చెప్పేది బరువు ఒక్కటే కాదు, ఆకారం కూడా. గోల్కొండ కట్టినవాళ్లు ఆకారంతో శబ్దాన్ని పంపారు. మనకి కావాల్సింది ఆకారంతో శబ్దాన్ని ఆపడం.

ఆకారంతో ఆడుకోవడం ఇంకా పాతది. క్రీస్తుకి ముందు ఒకటో శతాబ్దంలో రోమన్ ఇంజనీర్ విట్రూవియస్ నాటకశాలల్లో మెట్ల కింద కంచు పాత్రలు పెట్టాలని రాశాడు. తర్వాత మధ్యయుగాల్లో యూరప్‌లో చాలా చర్చిల గోడల్లో మట్టి కుండలు పొదిగారు. ఆ కుండలు నిజంగా ఎంత పనిచేశాయో తర్వాతి వాళ్లు వాదించుకుంటూనే ఉన్నారు. కానీ ఆలోచన మాత్రం సరైనదే, ఎందుకంటే కుండకి తనకంటూ ఒక స్వరం ఉంటుంది.

దీన్ని లెక్కగట్టి చూపించినవాడు జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్. 1863లో ఆయన పుస్తకం వచ్చింది. మీరు ఇప్పుడే చేసి చూడొచ్చు. ఖాళీ కూల్‌డ్రింక్ సీసా మూతి మీద పెదవి ఆనించి ఊదండి. "భూఁ" అని ఒకే స్వరం వస్తుంది. సగం నీళ్లు పోసి ఊదండి, స్వరం పైకి పోతుంది. ఎందుకు? సీసా మెడలో ఉన్న గాలి ఒక బరువులా, కడుపులో ఉన్న గాలి ఒక స్ప్రింగులా పనిచేస్తాయి. స్ప్రింగుకి బరువు కడితే ఒక లయలో ఊగుతుంది కదా, అదే ఇక్కడ కూడా. కడుపు చిన్నదైతే స్ప్రింగు బిగుస్తుంది, స్వరం పెరుగుతుంది.

ఇప్పుడు ఒక గొట్టం ఊహించుకోండి. అందులో గాలి నేరుగా పోతోంది. ఆ గొట్టం పక్కకి ఇలాంటి సీసా ఒకటి అతికించాం, మూతి గొట్టంలోకి తెరిచి ఉంది. గాలికి అడ్డమేం లేదు, అది తన దారిన పోతుంది. కానీ సీసా స్వరానికి సరిపోయే శబ్దం వచ్చిందనుకోండి, సీసాలో గాలి ఊగడం మొదలుపెట్టి ఎదురు ఊపు ఇస్తుంది. ఊయల మన వైపు వస్తున్నప్పుడు ఎదురు తోస్తే ఆగిపోతుంది చూడండి, అలాగ. ఆ ఒక్క స్వరం గొట్టంలో ముందుకి పోలేక వెనక్కి తిరుగుతుంది. తలుపు వేయకుండానే శబ్దాన్ని ఆపాం!

ఇంకో ఉపాయం కూడా అదే శతాబ్దంలో వచ్చింది. 1833లో జాన్ హెర్షెల్ చెప్పాడు, 1866లో క్వింకే అనే ఆయన చేసి చూపించాడు. శబ్దాన్ని రెండు దారుల్లోకి చీల్చు, ఒక దారిని కొంచెం పొడుగు చెయ్, చివర్లో మళ్లీ కలుపు. ఉదాహరణకి 500 హెర్ట్జ్ శబ్దానికి ఒక అల పొడవు సుమారు 68 సెంటీమీటర్లు. ఒక దారి 34 సెంటీమీటర్లు ఎక్కువ ఉంటే, ఒక అల ఎత్తులో ఉన్నప్పుడు రెండోది పల్లంలో ఉంటుంది. కలవగానే రెండూ చెల్లు. గాలి మాత్రం రెండు దారుల్లోనూ హాయిగా వెళ్లిపోతుంది.

ఈ రెండు ఉపాయాల్ని, సీసానీ, పొడుగు దారినీ, గుర్తుపెట్టుకోండి. ఇక మిగిలిన చరిత్రంతా వీటి పిల్లలూ మనవలే.

అందులో మొదటి మనవడు మీ బైక్ సైలెన్సర్. 1897లో అమెరికాలో రీవ్స్ సోదరులు ఇంజన్ మఫ్లర్‌కి పేటెంట్ తీసుకున్నారు. సైలెన్సర్ పని ఏంటో ఆలోచించండి. పొగ బయటికి పోవాలి, లేకపోతే ఇంజన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. శబ్దం మాత్రం పోకూడదు. అచ్చం మన కిటికీ సమస్యే! లోపల గదులు, చిల్లుల గొట్టాలు ఉంటాయి. పొగ వంకరటింకరగా దారి చూసుకుని పోతుంది, శబ్దం ఆ గదుల్లో తనని తానే కొట్టుకుని తగ్గుతుంది. ఈ సైన్స్‌లో ప్రపంచమంతా చదివే పుస్తకాల్లో ఒకటి మన దేశం నుంచే వచ్చింది. బెంగళూరు ఐఐఎస్సీ ప్రొఫెసర్ ఎం.ఎల్. ముంజల్ గొట్టాల్లో, మఫ్లర్లలో శబ్దం గురించి 1987లో రాసిన పుస్తకం అది.

అంటే బుల్లెట్ బండికి సైలెన్సర్ పీకేసి, లోపలి గదులు కోయించుకుని, అర్ధరాత్రి నారాయణగూడ ఫ్లైఓవర్ మీద "డబ్ డబ్" అనిపించుకుంటూ పోయే అన్నకి ఒక మాట. నువ్వు పీకేసింది ఒక ఇనప గొట్టం కాదన్నా, నూరేళ్లకి పైగా చేసిన సైన్స్. మన నగరాల్లో అలాంటి సైలెన్సర్లని పోలీసులు రోడ్ రోలర్ కింద తొక్కించిన వీడియోలు మీరు చూసే ఉంటారు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన పాత్ర దగ్గరికి వస్తున్నాను. హైరమ్ పెర్సీ మాక్సిమ్. ఈయన నాన్న హైరమ్ మాక్సిమ్, 1884లో మెషిన్ గన్ కనిపెట్టిన మనిషి. ఆ తుపాకుల మోతకి నాన్నకి చెముడు వచ్చేసింది. కొడుకు ఏం చేశాడు? తుపాకీ మోత తగ్గించే సైలెన్సర్ కనిపెట్టాడు, 1909లో పేటెంట్ వచ్చింది. స్నానం తొట్టిలో నీళ్లు సుడి తిరుగుతూ పోవడం చూసి ఆ ఆలోచన వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. నాన్న చేసిన మోతకి కొడుకు మందు వెతికినట్టు!

అసలు విశేషం ఆ తర్వాత ఉంది. తుపాకీతో మొదలైన ఆ కంపెనీ ఇంజన్ల సైలెన్సర్లకి వచ్చింది, 1930ల నాటికి ఏకంగా కిటికీకి పెట్టే సైలెన్సర్ అమ్మింది. కిటికీ అడుగున ఒక పెట్టె. ఫ్యాను బయటి గాలిని లాగుతుంది, వడపోసి లోపలికి వదులుతుంది, వీధి మోత మాత్రం ఆ పెట్టెలోనే ఆగిపోతుంది. నేను కవాడిగూడ రూమ్‌లో ఏది కావాలని కలగన్నానో అది అప్పటికే అమెరికాలో అమ్మారు!

మరి ఏమైంది? ఏసీ వచ్చింది. బయటి గాలి అవసరమే లేకుండా, కిటికీ పూర్తిగా మూసేసి బతికే ఇళ్లు వచ్చాయి. డబ్బున్నవాళ్ల సమస్య తీరిపోయింది. సమస్య తీరినవాళ్లు దాని గురించి ఆలోచించడం మానేస్తారు. గాలి, నిశ్శబ్దం రెండూ కలిపి ఇచ్చే వస్తువు బజార్లోంచి పోయింది. ఏసీ కొనలేని మన లాంటి వాళ్లకి కిటికీ పంచాయితీ మిగిలింది. నాకు ఈ చరిత్రలో బాధ కలిగించేది ఇదే. తెలివి లేక ఆగలేదు, కొనగలిగేవాళ్లకి అవసరం తీరిపోయి ఆగింది.

మాక్సిమ్ 1936లో చనిపోయాడు. అదే ఏడాది జర్మనీకి చెందిన పాల్ లూగ్‌కి ఒక అమెరికన్ పేటెంట్ వచ్చింది. మైకుతో శబ్దాన్ని విని, దానికి సరిగ్గా తిరగేసిన శబ్దాన్ని స్పీకర్‌తో వదిలి రెండింటినీ చెల్లు చేయడం. మీ చెవిలో ఉన్న నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌బడ్స్ ఆ ఆలోచన నుంచి వచ్చినవే. 2020లో సింగపూర్‌లో శాస్త్రవేత్తలు 24 చిన్న స్పీకర్లని తెరిచిన కిటికీకి బిగించి రోడ్డు మోతని 10 డెసిబెల్స్ దాకా తగ్గించి చూపించారు. కానీ దానికి కరెంటు కావాలి, ఎలక్ట్రానిక్స్ కావాలి. ఏమీ లేకుండా ఆకారంతోనే చేయలేమా?

ఇక్కడ కథ మాడ్రిడ్‌కి పోతుంది. అక్కడ ఒక ఫౌండేషన్ తోటలో యుసేబియో సెంపెరే అనే కళాకారుడు చేసిన శిల్పం ఉంది. గుండ్రటి దిమ్మె మీద స్టీలు గొట్టాలు వరసగా నిలబెట్టి ఉంటాయి, మధ్యలో ఖాళీ. ఆయన అందం కోసం చేశాడు. 1995లో స్పెయిన్ శాస్త్రవేత్తలు దాని ఒక వైపు స్పీకర్, ఇంకో వైపు మైక్ పెట్టి కొలిచారు. 1,670 హెర్ట్జ్ దగ్గర శబ్దం బాగా పడిపోయింది. గొట్టాల మధ్య నుంచి గాలి దూరుతుంది, వెలుగు దూరుతుంది, ఆ స్వరం మాత్రం దూరలేకపోతోంది. ఒక్కో గొట్టం తగిలి వెనక్కి వచ్చే అలలన్నీ ఒకదానికొకటి తోడవుతున్నాయి. అంటే గోడ లేని గోడ!

కానీ ఒక చిక్కు. ఈ పద్ధతిలో గొట్టాల మధ్య దూరం శబ్దపు అల పొడవుకి తగ్గట్టు ఉండాలి. లారీ ఇంజన్ లాంటి లావు శబ్దాలకి అల మీటర్ల పొడవు ఉంటుంది. దానికి ఇంటి ముందు అడవంత శిల్పం కట్టాలి.

ఆ చిక్కు 2000లో హాంకాంగ్‌లో విడిపోయింది. పింగ్ షెంగ్ బృందం ఒక సెంటీమీటర్ సీసపు గుండ్లకి మెత్తటి సిలికాన్ రబ్బరు తొడిగి, వాటిని గట్టి జిగురులో వరసగా పేర్చింది. బరువు, స్ప్రింగు. హెల్మ్‌హోల్ట్జ్ సీసాయే, గాలికి బదులు సీసం, రబ్బరు. రెండు సెంటీమీటర్ల పలక 400 హెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని ఆపేసింది. ఆ అల పొడవు పలక మందానికి ఎన్నో రెట్లు. అల కన్నా చాలా చిన్న ముక్కలతో, వాటి పదార్థం వల్ల కాక ఆకారం, అమరిక వల్ల ప్రకృతిలో లేని గుణం పుట్టించడం, దీన్నే మెటామెటీరియల్ అంటున్నారు. అయితే ఈ పలక గట్టిది, గాలి దూరదు.

గాలి దూరే రకం 2013లో కొరియా నుంచి వచ్చింది. సాంగ్‌హూన్ కిమ్, సియోంగ్‌హ్యూన్ లీ అనే ఇద్దరు పారదర్శకమైన పెట్టెలతో ఒక కిటికీ చేశారు. ఒక్కో పెట్టె మధ్యలో ఒక గుండ్రటి రంధ్రం, అందులోంచి గాలి పోతుంది. రంధ్రం చుట్టూ ఉన్న ఖాళీ గది మన సీసా కడుపులా పనిచేస్తుంది. 20 మిల్లీమీటర్ల రంధ్రాలున్న కిటికీ 400 నుంచి 5,000 హెర్ట్జ్ దాకా సుమారు 30 నుంచి 35 డెసిబెల్స్ తగ్గించింది. మనిషి మాటలు, హారన్లు చాలావరకు ఈ మధ్యలోనే ఉంటాయి. గాలి ఎక్కువ రావాలని రంధ్రం 50 మిల్లీమీటర్లు చేస్తే 20 నుంచి 35 డెసిబెల్స్, అది కూడా 700 నుంచి 2,200 హెర్ట్జ్ మధ్యే. చూశారా, బేరం పూర్తిగా పోలేదు. ఎక్కువ గాలి కావాలంటే కొంత మోత భరించాలి. కానీ మామూలు కిటికీతో చేసే బేరం కన్నా ఇది చాలా మంచి బేరం.

2019లో అమెరికాలో బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు ఒక రింగు 3డీ ప్రింట్ చేశారు. మధ్యలో పెద్ద ఖాళీ, సుమారు 60 శాతం తెరిచే ఉంటుంది. చుట్టూ మరచుట్టులా తిరిగే సన్నటి దారులు. ఒక పీవీసీ పైపు ఒక చివర స్పీకర్ పెట్టి, ఇంకో చివర ఈ రింగు పెడితే, అనుకున్న స్వరం దగ్గర శబ్దశక్తిలో 94 శాతం ఆగిపోయింది. మధ్యలోంచి పోయే అల, మరచుట్టు దారిలో ఆలస్యంగా వచ్చే అల, రెండూ చెల్లు. నాకైతే క్వింకే పొడుగు దారిని మరలా చుట్టి ఉంగరం చేసినట్టే అనిపిస్తుంది.

వైరల్ వీడియోల్లో ఈ 94 శాతం చూసి చాలామంది మోసపోయారు, కాబట్టి లెక్క చెప్తాను. శక్తిలో 94 శాతం పోవడం అంటే డెసిబెల్స్‌లో సుమారు 12. మన చెవికి 10 డెసిబెల్స్ తగ్గితే మోత సగమైనట్టు అనిపిస్తుంది. అంటే నిశ్శబ్దం కాదు, సగం కన్నా కొంచెం ఎక్కువ తగ్గుదల. అది కూడా ట్యూన్ చేసిన స్వరం చుట్టుపక్కలే. ఫ్యాను, జనరేటర్, డ్రోన్, ఎగ్జాస్ట్ లాంటి ఒకే రకంగా మోగే వాటికి ఇది బంగారం. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఆటో, బస్సు, బ్యాండు, పోటీ హారన్లు అన్నీ కలిసిన మోతకి ఒక్క రింగు చాలదు, ఎన్నో సైజుల రింగులు పేర్చాలి.

మరి ఇదంతా మనకెందుకు అంటారా? చట్టం ఏం చెప్తోందో చూడండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు. ఆసుపత్రి, స్కూలు, కోర్టు చుట్టూ వంద మీటర్లు ఇంకా తక్కువ, 50, 40. 2011 నుంచి దేశంలో ఏడు పెద్ద నగరాల్లో శబ్దాన్ని నిరంతరం కొలిచే కేంద్రాలు పెట్టారు, అందులో హైదరాబాద్ ఒకటి. కొలవడం మొదలై ఇన్నేళ్లైంది. మీ వీధిలో రాత్రి పదకొండింటికి ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టి చూడండి. ఖచ్చితంగా ఉండదు గానీ అంకె ఎటు ఉందో తెలుస్తుంది.

హాంకాంగ్‌లో ఏం చేశారో చెప్తాను. రోడ్ల పక్కన ప్రభుత్వం కట్టే ఫ్లాట్లలో కొన్నింటికి రెండు పొరల కిటికీ పెట్టారు. బయటి అద్దం ఒక వైపు తెరుచుకుంటుంది, లోపలి అద్దం ఇంకో వైపు. గాలి మధ్య సందులో పక్కకి నడిచి లోపలికి వస్తుంది, శబ్దం ఆ మలుపులో చాలావరకు ఆగిపోతుంది. మెటామెటీరియల్ కూడా అక్కర్లేదు, మలుపు చాలు. ముఖ్యమైన విషయం, అది పెట్టింది విల్లాలకి కాదు, సర్కారు ఫ్లాట్లకి. నిశ్శబ్దాన్ని కూడా నీళ్లలాగా, కరెంటులాగా ఇంటితో పాటు ఇవ్వాల్సిన వస్తువు అనుకున్నారు.

మన దగ్గర రూమ్ అద్దెకి తీసుకునేటప్పుడు నీళ్లు ఎప్పుడొస్తయ్, వైఫై ఉందా, బైక్ పార్కింగ్ ఉందా అని అడుగుతాం. రాత్రి పదింటికి ఒకసారొచ్చి కిటికీ తెరిచి చూస్తానని ఎవరైనా అడుగుతారా? నేను అడగలేదు. మీరు అడగండి. మీలో సివిల్, మెకానికల్, ఆర్కిటెక్చర్ చదివేవాళ్లుంటే ఇంకో మాట: సీసా ఉంది, పొడుగు దారి ఉంది, 3డీ ప్రింటర్ కాలేజీ ల్యాబ్‌లో ఉంది. అశోక్‌నగర్ హాస్టల్ కిటికీకి సరిపోయే చవకైన పెట్టె ఒకటి చేయడం మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ ఎందుకు కాకూడదు?

చివరగా తాత గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. నేను కవాడిగూడలో ఉన్నప్పుడు ఆసుపత్రి పని మీద తాత రెండు రోజులు మా రూమ్‌కి వచ్చిండు. ఆ రాత్రి పక్క సందులో పెళ్లి, బ్యాండు మోగిపోతోంది. మేం ముగ్గురం చెవులు మూసుకుని కూర్చున్నం. తాత మాత్రం కిటికీ బార్లా తెరిచి, గాలికి ఎదురుగా చాప వేసుకుని పడుకున్నడు. "మంచి గాలొస్తున్నదిరా, ఎంత ప్రశాంతంగున్నది" అన్నడు.

ఆ గదిలో గాలీ, నిశ్శబ్దం రెండూ దొరికింది తాతకి ఒక్కడికే. దానికి ఆయన ఇచ్చిన ధర రెండు చెవులు. ఆ ధర కట్టకుండా అవి రెండూ ఇవ్వగల తెలివి మనిషి దగ్గర నూరేళ్ల కిందటే ఉందని నాకు అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలిసింది, మీకూ చెప్పాను.

ఇవాల్టికి ఇంతే. మీ ఏరియాలో కిటికీ పంచాయితీ ఎలా ఉందో, దానికి మీరేం ఉపాయం చేశారో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. అప్పటిదాకా రాత్రి పది దాటితే హారన్ మీద చెయ్యి పెట్టకండి. పక్క మేడ మీద ఎవడో పాలిటీ చదువుకుంటున్నాడు.